వంటావార్పులో ఉగ్గాని

ఆ రోజుల్లో హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళను "రేపు ఆఫీసుందా?" అని అడిగితే ఎవ్వరూ సూటిగా జవాబు చెప్పేవారు కాదు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న కాలం. సాయంత్రం టీవీలో బంద్ అని వస్తే పొద్దున క్యాబ్ రాదు, క్యాబ్ రాకపోతే ఆఫీసు లేదు, ఆఫీసు లేకపోతే ఆ పని శనివారం నెత్తిన పడుతుంది. ఒక్కోసారి శనివారం కూడా బంద్ అయి ఆదివారం పోయి కూర్చునేవాళ్ళం. నేను అప్పుడే అనంతపురం వైపు నుంచి వచ్చి, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగంలో చేరాను. (ఎదుటివాళ్ళ తప్పులు వెతకడం మా మేనత్త పోలిక. ఆమెకు మాత్రం దానికి జీతం ఇచ్చేవాళ్ళు దొరకలేదు.) వంట బొత్తిగా రాదు. "అన్నం వండుకోను కూడా రాకుండా ఎట్ల బతుకుతావే ఆ ఊర్లో?" అని మా అమ్మ బస్టాండులో ఏడ్చింది. బిడ్డ దూరం పోతోందని ఏడుస్తోందేమో అనుకుని నేనూ ఏడ్చాను. తీరా చూస్తే ఆమె బాధంతా కుక్కర్ గురించే.

కొండాపూర్ పాత ఊళ్ళో ఒక ఇంటి మీద రేకుల గది కిరాయికి దొరికింది. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. ఆ ఇంటికి పెద్దదిక్కు అవ్వ. మా వైపు నాన్నమ్మను అవ్వ అంటాం, ఇక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళందరినీ అవ్వ అంటారు కాబట్టి ఆమెను పిలవడానికి నాకేమీ కష్టం కాలేదు. అవ్వ కొడుకు ప్రభుత్వోద్యోగి, సమ్మెలో ఉండి పొద్దస్తమానం చౌరస్తాలోని దీక్షా శిబిరంలోనే కూర్చునేవాడు. కోడలు ఒక దవాఖానలో నర్సు, ఆమెకు సమ్మె లేదు. బళ్ళు మూతపడటంతో ఇద్దరు మనవలూ అవ్వ మెడకే వేలాడేవారు. పెద్దపిల్ల నాలుగో తరగతి. ఎవరు ఎదురుపడితే వాళ్ళకు పాఠం చెప్పేది కాబట్టి ఆమె పేరు టీచరమ్మ. చిన్నవాడు బుడ్డోడు. వాడికి ఒకచోట నిలబడటం, నిజం దాచడం, ఈ రెండూ చేతకావు.

అవ్వ నన్ను మొదటివారమే కనిపెట్టేసింది. సాయంత్రం నేను బిస్కెట్ పొట్లం పట్టుకుని మెట్లెక్కుతుంటే ఆపి, "ఏంది బిడ్డా, గిదేనా నీ బువ్వ?" అంది. నేను ఏదో చెప్పబోయేలోగా, "చెప్పకు, నాకు సమజైంది. చెయ్యి కడుక్కో" అని పీట వేసింది. అప్పటినుంచి అవ్వ ఇంట్లో ఏం వండినా ఒక గిన్నె పైకి వచ్చేది. అది టీచరమ్మ చేతిలో బయల్దేరేది. మెట్లమీద బుడ్డోడు రుచి చూసేవాడు. నాకు చేరేసరికి సగం ఉండేది. ఆ సగంతోనే నేను బతికాను, కాస్త ఒళ్ళు కూడా చేశాను.

అయినా బయట అడుగుపెడితే నాకు గుబులుగానే ఉండేది. నన్ను ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. కానీ టీవీలో చూసినవన్నీ మనసులో కూర్చుని, నోరు తెరిస్తే నా యాస పట్టుకుని ఏ ఊరని అడుగుతారేమోనని భయం. అందుకని వీధిలో మాట్లాడటమే మానేశాను. కూరగాయల బండి దగ్గర వేలితో చూపించి, తలూపి తెచ్చుకునేదాన్ని. ఆ బండి ఆమె నావైపు జాలిగా చూసి, ఎప్పుడూ ఒక కట్ట కొత్తిమీర ఊరికే పడేసేది. ఎందుకింత ప్రేమో నాకు అర్థమయ్యేది కాదు గానీ, వచ్చిన కొత్తిమీర వద్దనే రకం కాదు నేను.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఊరేగింపులో నినాదాలన్నీ ఆయన గొంతులోంచే రావాలి, చేతిలో మైకు లేకపోతే ఆయనకు ఊపిరాడదు. పిల్లలు మైక్ మామ అనేవారు. రోజూ పొద్దున్నే అవ్వ ఇంట్లో చాయ్ తాగడం ఆయనకు అలవాటు. ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే, "అవ్వా, మీదున్న పిల్లది ఏ ఊరు? మాట్లాడదు గీట్లాడదు. దినాలు మంచిగ లెవ్వు, జర చూసి కిరాయికియ్యాలె గద" అన్నాడు. నేను మెట్టు మీదే ఆగిపోయాను. అవ్వ చాయ్ గిన్నె దించి కింద పెట్టి, "ఏ ఊరైతేంది? పొద్దుగాల లేస్తే నా మొఖం చూస్తది, నా చేతి బువ్వ తింటది. అది మా ఇంటి పిల్ల. ఇంకోపాలి అడిగినవంటే నీకు చాయ్ బంద్" అంది. (ఆ కాలంలో ఎన్ని బందులు చూశానో గానీ, ఒక్కదెబ్బకు విజయవంతమైంది అదొక్కటే.) ఆయన నవ్వేసి కప్పు అందుకున్నాడు. నేను మాత్రం మళ్ళీ పైకి పోయి కాసేపు కళ్ళు తుడుచుకుని దిగాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా చౌరస్తాలో వంటావార్పు అన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతి కూర్చుని తినే నిరసన అది. ఒక ఇల్లు బియ్యం, ఒక ఇల్లు పప్పు, ఒక ఇల్లు పచ్చిపులుసు అని పంచుకున్నారు. అవ్వ లేచి, "పెద్దోళ్ళకు పగటీలి బువ్వ మీరు చూసుకోండ్రి. పోరగాండ్లు గంతసేపు ఆగుతరా? పొద్దుగాల పిల్లలందరికి పలారం నేను పెడత. సర్వపిండి జేస్త" అని నలుగురిలో మాటిచ్చింది. బియ్యప్పిండిని గిన్నెకు అద్ది కాల్చే అవ్వ సర్వపిండి అంటే ఆ వాడంతా పేరు. ఆ మాట వినగానే పిల్లలు అప్పుడే పండగ మొదలైనట్టు ఎగిరారు.

తీరా ఆ పొద్దున అవ్వ నీళ్ళబిందె ఎత్తబోయి, "అయ్యో" అని మంచానికి అతుక్కుపోయింది. నడుము పట్టేసింది. ఇటు తిరగలేదు, అటు తిరగలేదు. కొడుకు తెల్లవారకముందే శిబిరానికి పోయాడు, కోడలు డ్యూటీలో ఉంది. నేను బంద్ కాబట్టి ఇంట్లో పడి ఉన్నాను. అవ్వకు నొప్పికన్నా మాట పోతుందన్న బెంగ ఎక్కువైంది. "వాడకట్టు పిల్లలంత ఆకలిగొని వస్తరు బిడ్డా. సర్వపిండి ఏదవ్వా అంటే ఏం జెప్పాలె?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా కోసం ఎదురింటాయన నోరు మూయించిన మనిషి ఏడుస్తుంటే నేను చూస్తూ ఎలా ఊరుకుంటాను? "నేను చేస్తానవ్వా, మీరు చెప్పండి" అన్నాను. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు, నా ధైర్యానికి టీచరమ్మ పర్యవేక్షణ, బుడ్డోడి సహాయం తోడయ్యాయి.

అవ్వ మంచం మీంచి చెబుతూ పోయింది. పెద్ద బేసిన్‌లో బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, కారం అన్నీ వేశాను. "నీళ్ళు కొద్దికొద్దిగ" అని అవ్వ అంటూనే ఉంది. నేను కొద్దికొద్దిగానే పోశాను. కానీ అటు తిరిగి ఉప్పు తెచ్చేలోగా బుడ్డోడు సాయం చేద్దామని ఒక చెంబు గుమ్మరించాడు. నేను చూసుకోకుండా ఇంకో గ్లాసు పోశాను. పిండి ముద్ద కావలసింది జావ అయింది. సరే, ఎలాగోలా అని గుండుగిన్నెలో నూనె రాసి, ఒకటి అద్ది, మూతపెట్టి కాల్చాను. అది గిన్నెను విడిచి రానంది. టీచరమ్మ అట్లకాడతో, బుడ్డోడు చెంచాతో, నేను గోళ్ళతో లాగితే ముక్కలు ముక్కలుగా, పైన పచ్చిగా, కింద నల్లగా వచ్చింది. రెండోది అద్దడానికి వేడి గిన్నెలోనే చెయ్యి పెట్టి కెవ్వుమన్నాను. ఒకటి దించాక గిన్నెను నీళ్ళలో చల్లార్చి మరొకటి అద్దాలని ఆ వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. అది ఎవరికైనా చెప్పవలసిన సంగతి అని అవ్వకు తోచనే లేదు. మాడు వాసన మంచం దాకా పోయింది. అవ్వ ముక్కుతో ఒకసారి గాలి పీల్చి, కళ్ళు మూసుకుంది.

ఇంట్లో ఉన్న పిండంతా ఆ జావలోనే అయిపోయింది. బయట దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది నా గదిలోని బొరుగుల మూట. మా అమ్మ దృష్టిలో హైదరాబాదంటే బొరుగులు దొరకని ఎడారి. ఊరినుంచి వచ్చిన చుట్టంతో గోతాం నిండా పంపింది, "యాడ దొరకతాయే ఆడ? గాలి తగలకుండా పెట్టుకో" అని ఫోన్లో పదిసార్లు చెప్పింది. (ఇక్కడ మరమరాలంటే ఏ వీధిలోనైనా ఇస్తారు. ఆ మాట చెప్పి మా అమ్మ మనసు విరవలేదు.) ఆ బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, పోపులో కలిపితే ఉగ్గాని. మా సీమలో పొద్దున లేస్తే అదే టిఫిను. వంట రానివాళ్ళకు కూడా వచ్చే వంట అదొక్కటే. కానీ తెలంగాణ కోసం జరిగే వంటావార్పుకు అనంతపురం ఉగ్గాని పట్టుకుపోవడమా? అవ్వను అడిగాను. "తినేదేనా?" అంది. "తినేదే అవ్వా." "పిల్లల కడుపు నిండుతదా?" "నిండుతుంది." "మరింకేంది, షురూ చెయ్" అంది.

అప్పటికే పలారం కోసం వాడకట్టు పిల్లలు గుమ్మం ముందు మూగారు. తరిమేద్దామంటే పోరు. అందుకని టీచరమ్మ వాళ్ళందరినీ వరుసలో నిలబెట్టి, చేతులు కడిగించి, గోళ్ళు చూసి లోపలికి పంపింది. మూట మొత్తం పెద్ద టబ్బుల్లో కుమ్మరించి నీళ్ళు పోశాం. నా ఎత్తున్న మూట చూస్తూ చూస్తూ టబ్బుల అడుగుకు దిగిపోయింది. నా ప్రాణాలు పోయాయి గానీ, పిల్లలకు అదే పెద్ద గారడీ. "ఏడికి పోయినయక్కా అన్ని?" అని టబ్బు కింద వెతికారు. తర్వాత పిండే పని. పిడికిట్లోకి తీసుకుని, మెత్తగా పిండి, పక్క బేసిన్‌లో వేసి, ఉండలు విప్పాలి. దాన్ని టీచరమ్మ పోటీగా మార్చేసింది. ఎవరి గుప్పిట్లోంచి నీళ్ళ ధార ఎంత దూరం పోతుందో చూడాలట. అరుగు తడిసింది, గోడ తడిసింది, నేను తడిశాను. బుడ్డోడు పళ్ళు కరుచుకుని పిండితే అవి క్రికెట్ బంతులయ్యాయి. ఆ బంతుల్ని విప్పడానికి ఇంకో ఇద్దరు పిల్లల్ని పెట్టాల్సొచ్చింది. లోపల మంచం మీద అవ్వ, "అరె, నవ్వియ్యకుండ్రి, నడుం గుంజుతున్నది" అని మొత్తుకుంటోంది. పెద్ద కడాయిలో పోపు వేసి, ఉల్లిపాయలు, పసుపు, పిల్లలకని ఒకటి రెండు పచ్చిమిరపకాయలు వేసి, ఆ పిండినవన్నీ కలిపి, పైన మా అమ్మ పంపిన పుట్నాల పొడి చల్లి, పెరట్లో చెట్టు నిమ్మకాయలు పిండాను. ఇల్లంతా మా ఊరి వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు కూడా ఆకలేసింది.

టబ్బును చెరో వైపు పట్టుకుని నేనూ టీచరమ్మా చౌరస్తాకు బయల్దేరాం. దారి పొడుగునా బుడ్డోడికి ఒకటే చెప్పాను. "ఇది ఎక్కడిదని ఎవరైనా అడిగితే తెలీదను. అవ్వ పంపిందను, చాలు." వాడు శ్రద్ధగా తలూపాడు. చౌరస్తాలో పొయ్యిలు మండుతున్నాయి, ఒక మూల బతుకమ్మ ఆడుతున్నారు, ఇంకో మూల డప్పులు. మైక్ మామ నినాదాలు ఇచ్చి ఇచ్చి గొంతు పోయి, నీళ్ళు తాగడానికి మైకును ఎవరికో అందించబోయాడు. అందుకున్న చెయ్యి బుడ్డోడిదయింది. "జై తెలంగాణ!" అని అరిచాడు వాడు. అందరూ "జై తెలంగాణ!" అన్నారు. అక్కడితో ఆగితే వాడు బుడ్డోడెందుకవుతాడు? "సర్వపిండి మాడిపోయింది! ఇది ఉగ్గాని! అక్కోళ్ళ అనంతపురంల చేస్తరు! నేనే పిండిన! అందరు తినాలె!" అని చౌరస్తా మొత్తం వినేలా చెప్పాడు.

డప్పులు ఆగిపోయాయి. అంతమంది ఒక్కసారిగా నావైపు తిరిగారు. మైక్ మామ టబ్బు దగ్గరికొచ్చి, "అవ్వ సర్వపిండి అన్నది గద? ఏమైంది?" అన్నాడు. ఇన్నాళ్ళూ మూసుకున్న నోరు ఇక తెరవక తప్పలేదు. "అవ్వకి నడుము పట్టుకునింది. సర్వపిండి నేనే చెడగొట్టినా. పిల్లోళ్ళకి పెడతానని అవ్వ మాటిచ్చింది గదా, ఆ మాట పోకూడదని మా ఊర్లో చేసేది చేసుకొచ్చినా" అన్నాను. భయంలో మా అనంతపురం యాస అణువంత కూడా దాగలేదు. అప్పుడు గుంపులోంచి కూరగాయల బండి ఆమె, "అయ్యో దేవుడా, ఈ బిడ్డకు మాటలొస్తయా? మూగపిల్లనుకోని ఇన్ని దినాల సంది కొత్తిమీర ఊకెనే ఇచ్చిన గదే!" అని బుగ్గలు నొక్కుకుంది.

చౌరస్తా అంతా ఘొల్లుమంది. శిబిరంలో కూర్చున్న అవ్వ కొడుకు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మైక్ మామ నవ్వుతూనే ఒక విస్తరాకు ముక్కలో కాస్త ఉగ్గాని వేయించుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆయన దవడల వంకే చూస్తున్నాను. ఇంకాస్త వేయించుకున్నాడు. "దీంట్లకు మిర్చి బజ్జి ఉంటే మస్తుండు" అన్నాడు. (మా సీమలో ఉగ్గానికి జోడీ ఎప్పుడూ బజ్జీయే. చెప్పకుండానే ఆ సంగతి పట్టుకున్న మనిషి మీద ఆనాటినుంచి నాకు గౌరవం.) బుడ్డోడి చేతిలోంచి మైకు లాక్కుని, "అవ్వ పలారం వచ్చింది! పోరగాండ్లంత లైన్ల నిలవడుండ్రి! పెద్దోళ్ళు జర సబర్ చెయ్యాలె!" అని కేకేశాడు. ఓపిక పట్టమన్న ఆ పెద్దోళ్ళే ముందు వచ్చారు. పిల్లలు "నేను పిండింది నాకు పెట్టక్కా" అని ఎగబడ్డారు. టబ్బు అడుగు కనపడటానికి ఎంతోసేపు పట్టలేదు. కూరగాయల ఆమె రెండోసారి వచ్చి, ఇంకో కట్ట కొత్తిమీర నా చేతిలో పెట్టి, "ఇది మాటలొచ్చిన దానికి" అంది.

ఖాళీ టబ్బు తీసుకుని పరుగెత్తుకుంటూ వచ్చి అవ్వకు అంతా చెప్పాను. బుడ్డోడి ప్రసంగం దగ్గర ఆమె నవ్వలేక, నవ్వు ఆపలేక మంచం పట్టె పట్టుకుని, "ఓయమ్మో, ఇగ ఆపు" అంది. నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, "ఏదీ బిడ్డా, నాకు జర ఎయ్యి. చూస్త ఎట్లున్నదో" అని దోసిలి పట్టింది. అప్పుడు చూశాను టబ్బులోకి. ఒక్క మెతుకు లేదు. ఎవరి మాట కోసం వండామో ఆమెకు తప్ప ఊరందరికీ పెట్టి వచ్చాం. ఇంతలో బుడ్డోడు నిక్కరు జేబులో చెయ్యి పెట్టి, ఒక పసుపుపచ్చ ముద్ద బయటికి తీశాడు. "నీకు తెచ్చిన నానమ్మా" అన్నాడు. దాంట్లో ఒక గోలీ కూడా ఉంది. అవ్వ గోలీ తీసి పక్కన పెట్టి, ఉగ్గాని నోట్లో వేసుకుని, కళ్ళు మూసి నెమ్మదిగా నమిలింది. "మంచిగనే ఉన్నది. ఉప్పు జర తక్కువైంది" అంది. తర్వాత నావైపు చూసి, "నువ్వు తిన్నవా?" అని అడిగింది.

నేను తినలేదు. ఆ సంగతి ఆమె అడిగేదాకా నాకే తట్టలేదు. నా మొహం చూసి అవ్వ చేతిలో మిగిలిన ఆ రవ్వంత ముద్ద నా నోట్లో పెట్టింది. అంతే, ఎక్కడ దాక్కుందో అంత ఏడుపూ ఒక్కసారి వచ్చేసింది. అవ్వ నా గడ్డం పట్టుకుని, "ఏడ్వకే పిల్లా, ఉప్పెక్కువైతది" అంది.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, బందులు పోయాయి, శనివారాలు మళ్ళీ సెలవులయ్యాయి. కొండాపూర్‌లో ఆ ఇల్లున్న చోట ఇప్పుడు అద్దాల హాస్టల్ ఉంది. అవ్వ లేదు. టీచరమ్మ వాళ్ళమ్మలాగే నర్సయింది. బుడ్డోడు నాకన్నా ఎత్తు, ఇప్పటికీ వాడికి ఏ రహస్యమూ చెప్పం. మేము గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఆదివారం పొద్దున మా పిల్లలిద్దరూ బాల్కనీలో టబ్బు పెట్టుకుని బొరుగులు పిండుతారు. కింద ఇంటివాళ్ళ బట్టలు తడిసి మాకు చీవాట్లు కూడా పడుతుంటాయి. టబ్బు పట్టుకుని చౌరస్తాలో వణుకుతూ నిలబడ్డ ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. పాపం, తనను ఎవరు ఏమంటారోనన్న దిగులు తప్ప, ఎంతమంది తనకు అన్నం పెడుతున్నారో లెక్క తెలియని పిల్ల.

పోపులో అన్నీ కలిపాక, ఎవరికీ పెట్టకముందే ఒక చిన్న గిన్నెడు తీసి పక్కన పెడతాను. మొన్న మా అత్తగారు (ఆమెది గుంటూరు) అది చూసి నవ్వుతూ, "ఇదేమిటమ్మాయ్, ఉల్లిపాయ వేసినదాన్ని నైవేద్యం పెడతారటే ఎక్కడైనా?" అన్నారు.

"ఉల్లిపాయకేమీ అనదు అత్తయ్యా, ఉప్పు తక్కువైతేనే అంటుంది" అన్నాను.